కాలో మెడ పలుపు

“చచ్చిన ఎద్దును ఎంతకమ్మినవ్, సిద్దిరాములూ?”

అడిగినవాడు జైపాల్‌రావు. సిర్పూరు తాలూకాలో, పెద్దవాగు అవతల అడవి కొట్టి కట్టిన బెంగాలీ శరణార్థుల కాలనీకి ఆయన సూపరింటెండెంటు. జవాబు చెప్పాల్సిన సిద్దిరాములు అదే కాలనీకి కామ్‌దారు. అంటే, వచ్చినవాళ్లకు ఇక్కడి సేద్యం నేర్పడానికి నెలజీతం మీద పెట్టిన మనిషి. ఇద్దరికీ మధ్య, ఆఫీసు వరండా మెట్టు మీద నిబారన్ మండల్ కూర్చుని ఉన్నాడు. చచ్చిన ఎద్దు అతనిదే. ఏం జరిగిందో అందరికంటే బాగా తెలిసినవాడూ అతనే. కానీ అతని మెడలో ఆ ఎద్దు పలుపు వేలాడుతోంది, పక్కన మట్టిముంత ఉంది, నోట మాట లేదు. గట్టిగా అడిగితే ఎద్దులా ఒకసారి అరిచి తల దించుకుంటున్నాడు.

“అమ్ముడెందుకు దొరా,” అన్నాడు సిద్దిరాములు. “అంతయ్యకు అప్పజెప్పిన. చచ్చిన గొడ్డు ఆయన హక్కు గదా.”

“హక్కు సరే. మరి వీని చూరుకు యాలాడుతున్న కొత్త చెప్పులెక్కడియి?”

సిద్దిరాములుకు నవ్వు రావలసింది. రాలేదు. ఆ చెప్పులకు జవాబు తేలికే. అతను భయపడుతున్నది దాని తర్వాత రాబోయే ప్రశ్నకు.

*

సిద్దిరాములుది చొప్పదండి దగ్గర ఒక చిన్న పల్లె. తండ్రి చేసిన అప్పుకు మీసం రాకముందే ఒక దేశ్‌ముఖ్ ఇంట్లో జీతమున్నాడు. పోలీసు యాక్షన్ అయిన ఏడాది ఆ దేశ్‌ముఖ్ కొంతకాలం హైదరాబాదులో తలదాచుకున్నాడు. అప్పు అడిగేవాడు ఊళ్లో లేకపోయేసరికి సిద్దిరాములు కూడా ఊరు విడిచాడు. ఇలాంటిదాన్ని సభల్లో విముక్తి అంటారు. సిద్దిరాములు మాత్రం, “దొర పోయిండు, ఎనకనే నేను పోయిన,” అనేవాడు, అంతే. కాలినడకన ఆదిలాబాదు జిల్లా చేరి, కాగితం మిల్లుకు వెదురు కొట్టే కూపుల్లో పనిచేశాడు. ఆ తర్వాత ఒక సర్కారు విత్తనాల తోటలో నాగలి పట్టాడు. చాలు వంకర పోకుండా దున్నుతాడు, సంతకం చేయగలడు. ఈ రెండూ చూసి కామ్‌దారును చేశారు. పోస్టు తాత్కాలికం. ఏటా ఒక కాగితం వస్తే ఉంటుంది, రాకపోతే లేదు. పెద్దవాగు ఒడ్డు పల్లెలో బాలవ్వను చేసుకుని అక్కడే ఉండిపోయాడు.

1965లో హోళీ పండుగైన వారానికి బెంగాలీలు లారీల్లో వచ్చారు. తూర్పు పాకిస్తాన్‌లో ఇల్లూ పొలమూ వదులుకుని, రాయపూరు దిక్కు గుడారాల్లో ఏడాది గడిపి వచ్చినవాళ్లు. పెద్దమనుషులు ఎదురువెళ్లి దండలు వేశారు. అతిథి దేవుడితో సమానమని ఒకాయన గంటసేపు మాట్లాడాడు. ఆ దేవుళ్లకు తెలుగు రాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత తలా ఒక కంబళి పంచారు. ఎండలు ముదురుతున్న రోజులవి. కంబళ్లను వాళ్లు రేకుల కప్పు కింద నీడకు కట్టుకున్నారు. ఉపయోగపడలేదని అనడానికి లేదు.

కుటుంబానికి అయిదెకరాల నల్లరేగడి, ఒక రేకుల గుడిసె, ఒక ఎద్దు. ఒకటే. పొరపాటున రాసింది కాదు, ఆలోచించి రాసిందే. ఇద్దరు కలిస్తే జోడు అవుతుంది, ఖర్చు సగమవుతుంది అని పైన ఎవరో కూడిక వేశారు.

ఎద్దులు దిగిన రోజున సిద్దిరాములు ఉండబట్టలేక అడిగాడు.

“దొరా, ఇంటికొక్క ఎద్దుతోని దున్నుడెట్ల?”

“ఇద్దరు పొత్తు గూడాలె. ఒకటి, ఒకటి రెండే కద?” అన్నాడు జైపాల్‌రావు.

“ఎద్దులు రెండే దొరా. పదునొక్కటే గద. వానపడ్డంక రేగడి మూడొద్దులు ఆగుతది. ఈయన చేను దున్నేసరికి ఆయనది ఎండిపాయె.”

“నాకు తెల్వదా? మాకు లేదా ఎవుసం?” జైపాల్‌రావు విసుక్కున్నాడు. ఆయనది నిజంగానే భూములున్న ఇల్లు. “పైకి రాసిన. ఇచ్చినకాడికి తీసుకొమ్మన్నరు. నువ్వు నేర్పు, పో.”

ఇంకొక నియమం కూడా ఉంది. ఎద్దు చేతికి వచ్చిన రోజుతో పక్షానికోసారి ఇచ్చే భత్యం ఆగిపోతుంది. భూమి ఉంది, ఎద్దు ఉంది, ఇంక శరణార్థి కాడు, రైతు. పంట రావడానికి నాలుగు నెలలు పడుతుందన్న సంగతి ఆ నియమం రాసినవాడికి తెలియదనుకోను. తెలిసిన సంగతులన్నీ నియమంలో ఎక్కించాలని ఎక్కడా లేదు.

*

నిబారన్‌కు వచ్చింది నల్లెద్దు. కాలో అని పేరు పెట్టుకున్నాడు. వాళ్ల భాషలో నలుపని అర్థం. పక్క గుడిసె హారాధన్‌కు వచ్చింది తెల్లది. రెంటినీ కలిపి జోడు కట్టారు. కాలో దాపటి, అంటే ఎడమవైపు, ఎద్దు అయింది.

నిబారన్‌ది బరిసాల్ దిక్కు. పక్కింటికి పోవాలన్నా పడవెక్కాల్సిన నీళ్లదేశం. మోకాటి బురదలో వరి నాటడం అతనికి వచ్చినంతగా ఈ తాలూకాలో ఎవరికీ రాదు. కానీ నల్లరేగడిని చూస్తే అతనికి భయం. తడిస్తే కాలు పట్టుకుంటుంది, ఎండితే కాలు పట్టేంత నోరు తెరుస్తుంది. సిద్దిరాములు రోజూ పొద్దున్నే వెళ్లి తన తెలుగులో, దక్కనీ ఉర్దూలో, చేతి సైగల్లో చెప్పేవాడు. గుంటుక ఎప్పుడు తోలాలి, జొన్న ఎంత లోతున పడాలి, కాడి బరువు ఏ ఎద్దు మీద పడుతోంది. నిబారన్ అన్నిటికీ తల ఊపేవాడు.

“హఁ దాదా. హఁ.”

“ఏం హఁ? ఏం జెప్పిన నేను?”

“హఁ దాదా.”

“నీ హఁ పాడుగాను. మొన్ననే చెప్పిన గద!”

‘చెప్పిన గద’ అన్న మాట రోజుకు ఇరవైసార్లు వినీవినీ నిబారన్‌కు బాగా వంటబట్టింది. గుడిసెలో భార్యతో కూడా అదే అనేవాడట. ఆ భార్య, సురబాల, మొగుడి కంటే చురుకు. బోరింగు దగ్గర బాలవ్వతో కలిసి నీళ్లు కొడుతూ మూడు నెలల్లో తగవులాడగలిగేంత తెలుగు నేర్చింది.

ఒకనాడు నిబారన్ పెద్దవాగు మడుగులో ఉత్తచేతులతో కొర్రమట్టను పట్టి సిద్దిరాములు ఇంటికి తెచ్చాడు. బాలవ్వ దాన్ని చూసి, “ఏం మనిషివయ్యా! నాగలి పట్టమంటె దేవునికి మొక్కుతవ్, చేపనైతె చుట్టపోని తీరు పిలుచుకొస్తవ్,” అంది. నిబారన్ “హఁ దీదీ” అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా.

భత్యం ఆగిన మరునెల నుంచి నవ్వులు తగ్గాయి. మృగశిరలో వేసిన జొన్న మొలిచి, వానలు ముఖం చాటేస్తే మాడిపోయింది. రెండో విత్తు కోసం సురబాల ముక్కుపుడక అమ్మింది. అది మోకాలెత్తు పెరిగేసరికి మళ్లీ ఎండ పట్టింది. ఆకులు గొట్టాల్లా చుట్టుకున్నాయి. నిబారన్ సాయంత్రాలు చేనుగట్టు మీద కూర్చుని కాలో గంగడోలు గోకుతూ ఉండేవాడు. ఆ చేను, ఆ ఎద్దు పోతే మళ్లీ రాయపూరు గుడారాలే అని అతనికి ఎవరూ అనువదించి చెప్పనక్కరలేదు.

*

అలా ఉండగా పొలాల అమావాస్య వచ్చింది. ఆదిలాబాదు పల్లెల్లో అది ఎద్దుల పండుగ. ఆనాడు కాడి కట్టరు. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, ఊరంతా ఊరేగిస్తారు. సిద్దిరాములుకు మురిపెం పుట్టింది. ఈ పరాయివాళ్లు కూడా ఊరితో కలిస్తే బాగుంటుందని, ముందురోజే గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పాడు.

“రేపు ఎద్దుకు పని చెప్పొద్దు. మంచిగ కడుగుండ్రి. కడుపునిండ మంచి మేత పెట్టుండ్రి. మనం తిన్నా తినకున్నా అది తినాలె.”

“హఁ దాదా,” అన్నాడు నిబారన్. ఈసారి అతనికి ప్రతి మాటా అర్థమైంది.

పండుగనాడు కాలో కొమ్ములకు ఎర్రరంగు, మెడలో బంతిపూలు. ఊరేగింపులో ప్రతి రైతూ జోడు తోలుకు నడుస్తుంటే నిబారన్ ఒకటి, హారాధన్ ఒకటి పట్టుకుని పక్కపక్కనే నడిచారు. ఊరి ఆడవాళ్లు, “గీ పాకిస్తానోళ్లది చూడుండ్రే, ఎద్దుకొక మొగోడు!” అని పరాచికాలాడారు. పాకిస్తాన్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఇక్కడ పడ్డ పేరు పాకిస్తానోళ్లు. ఇంటికి వచ్చాక బాలవ్వ తమ ఎద్దులకు పూర్ణం పోలెలు తినిపించింది. నిబారన్ ఇంట్లో పోలెలు లేవు, గట్టు మీద గడ్డి లేదు. అతను చేనులోకి దిగి, ఉన్నదాంట్లో పచ్చగా ఉన్న జొన్నమొక్కలు కోశాడు. తన నోటికాడ పంట. చేతినిండా తెచ్చి, గుంజకు కట్టిన కాలో ముందు వేశాడు. వాళ్ల దేశంలో పశువుకు పచ్చగడ్డిని మించిన విందు లేదు.

ఎండకు వాడిన లేతజొన్న విషం. ఇక్కడ దాన్ని నాము అంటారు. నాము తిన్న పశువు కాసేపట్లో పడిపోతుంది. ఇది ఈ నేలమీద గొడ్లకాసే పిల్లలకు కూడా తెలుసు. నిప్పు కాలుతుందని తెలిసినట్టు తెలుసు. అందుకే ఎవరూ ఎవరికీ చెప్పరు. ఆరు నెలల్లో నిబారన్‌కు వంద సంగతులు చెప్పిన సిద్దిరాములు ఈ ఒక్కటీ చెప్పలేదు. దాచి కాదు. చెప్పాల్సిన సంగతని అతనికి తోచనే లేదు.

సురబాల పరుగెత్తుకు వచ్చి పిలిచేసరికి కాలో పక్కకు పడి కాళ్లు కొట్టుకుంటోంది. నోట్లో నురుగ. సిద్దిరాములు ఒక్కచూపులో మేత చూశాడు, ఎద్దును చూశాడు.

“నాము! అరే, నాము బెట్టినవ్‌రా!”

బెల్లంనీళ్లు పట్టారు, చల్ల పట్టారు. ఆ హడావుడిలో పలుపు విప్పాలని ఎవరికీ తోచలేదు. ఎర్రకొమ్ములు మట్టిలో గుచ్చుకుని కాలో చచ్చిపోయింది. నిబారన్ దాని మెడ దగ్గర కూర్చుని, పలుపు ముడి మీద చెయ్యి పెట్టి, విప్పలేదు, ఏడవలేదు.

ఎండ మండుతోంది. సిద్దిరాములు ఊళ్లో పెరిగిన మనిషి చేసే పనే చేశాడు: చెప్పులు కుట్టే అంతయ్యకు కబురు పెట్టాడు. చచ్చిన పశువు తోలు అంతయ్య ఇంటి హక్కు. బదులుగా ఆ పశువు యజమానికి ఆయన ఒక చెప్పుల జత కుట్టి ఇవ్వాలి. పొద్దుగూకేలోపు అంతయ్యా అతని అన్నదమ్ములూ వచ్చి ఎద్దును తీసుకుపోయారు. సర్కారు ఎద్దు చస్తే పశువుల డాక్టరు వచ్చి చూసి, చావుకు కారణం రాసి ఇచ్చేదాకా కళేబరాన్ని కదపరాదని ఒక నియమం ఉంది. ఆ డాక్టరు ఉండేది తాలూకా కేంద్రంలో. సెలవులో ఉన్నాడని తర్వాత తెలిసింది. నియమం ప్రకారమైతే కాలో ఆ ఎండలో డాక్టరు సెలవు ముగిసేదాకా గుంజ దగ్గరే ఉండాలి.

*

మరునాడు పొద్దున నిబారన్ గుడిసె నుంచి బయటికి వచ్చాడు. కాలో పలుపు అతని మెడలో ఉంది. చేతిలో ముంత. హారాధన్ గుడిసె ముందు నిలబడి ఎద్దులా అరిచాడు. హారాధన్ భార్య గుప్పెడు బియ్యం ముంతలో పోసి, కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

సిద్దిరాములు హడలిపోయి సురబాలను అడిగాడు. “ఏందమ్మా గిది? పిచ్చిగిట్ల లేసిందా?”

“లేదన్నా. ఎద్దు తాడుతోని సచ్చింది గద. మెడల తాడు ఉండంగ సస్తె, యజమానికి పాపం. తాడు తన మెడల ఏసుకొని పక్షం రోజులు అడుక్కొని తినాలె. మాట్లాడొద్దు. ఎద్దు లెక్కనే అరవాలె. మా ఊళ్ల గంతే.”

“గీడ ఎవలు జూస్తరమ్మా? ఇడిసిపెట్టుమను.”

“నేను జెప్పిన. ఇనడు. నా చేత్తోని నేనే పెట్టిన అని రాత్రి అన్నడు.”

సిద్దిరాములు నిబారన్ దగ్గరకు వెళ్లి భుజం పట్టి ఊపాడు. “నిబారన్, పాపం నీది గాదు బిడ్డా. నువ్వు తెల్వక పెట్టినవ్.” నిబారన్ అరిచాడు. పాపానికి తెలిసీ తెలియకా అన్న తేడా లేదని ఆ అరుపుకు అర్థమో, తనను వదిలేయమని అర్థమో సిద్దిరాములుకు తెలియలేదు.

కాలనీలో అతన్ని అందరూ అర్థం చేసుకున్నారు. కాలనీలో పెట్టడానికే ఎవరి దగ్గరా ఏమీ లేదు. నాలుగో నాటికి నిబారన్ ఊళ్లోకి వెళ్లాడు. బాలవ్వ రొట్టె పెట్టింది. పిల్లలు వెంటబడి తామూ ‘అంబా’ అన్నారు. తర్వాత పక్క ఊరికి, అటు పక్క ఊరికి పోయాడు. అది సరిగ్గా పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన వారం. రేడియో ఉన్న ప్రతి అరుగు మీదా గూఢచారుల ముచ్చట్లే. అలాంటప్పుడు పాకిస్తానోడొకడు మెడలో తాడు వేసుకుని, పేరడిగితే చెప్పక, ఇంటింటికీ తిరుగుతున్నాడు. మూడో ఊరి పోలీసు పటేలు అతన్ని కూర్చోబెట్టి, ఆదిలాబాదుకు కబురు పంపాడు. అక్కడి నుంచి జైపాల్‌రావుకు జీపులో తాఖీదు వచ్చింది: ఎవడు వీడు, కాలనీ విడిచి ఎందుకు తిరుగుతున్నాడు, వీడికిచ్చిన ఎద్దేది?

అలా వచ్చింది ఆ విచారణ.

*

“చెప్పుల సంగతి అంతయ్యనే అడుగుండ్రి దొరా,” అన్నాడు సిద్దిరాములు.

అంతయ్యను పిలిపించారు. అతను మెట్టు కిందే నిలబడి, నవ్వాపుకుంటూ చెప్పాడు. “దొరా, గా ఎద్దు తోలు ఇంక లంద తొట్టిల నానుతుంది. చెప్పులు కావాలంటె నెలన్నర పడుతది. గియి వేరే గొడ్డువి. ఈన మొగం జూసి ముందుగాల్నే కుట్టిచ్చిన. అయి గూడ ఈన తొడుగుడు లేదు, చూరుకు కట్టుకున్నడు. పైస గిట్ల తీసుకోలే, ఇయ్యలే.”

జైపాల్‌రావు మొహం కాస్త తేలికపడింది. నిజానికి ఆయనకు కూడా నిబారన్ ఎద్దును అమ్ముకున్నాడని రాయడం ఇష్టం లేదు. అమ్మకం అన్న మాట కొట్టేశాడు. “సరే. నాము తిని సచ్చింది. డాక్టర్ సర్టిఫికేటు లేదు. ఇగ రాసేది ఒక్కటే.” కలం ఎత్తి సిద్దిరాములు వైపు చూశాడు. “జొన్న నాము ఐతదని, పశువుకు పెట్టొద్దని వీనికి చెప్పినవా, చెప్పలేదా?”

సిద్దిరాములు భయపడుతున్న ప్రశ్న ఇదే. చెప్పలేదంటే కామ్‌దారు తన పని చేయలేదు. వచ్చే ఏడాది కాగితం రాదు. దేశ్‌ముఖ్ కొట్టం, వెదురు కూపులు ఒక్కసారి కళ్లముందు మెదిలాయి. మెట్టు మీద కూర్చున్నవాడు ఎలాగూ మాట్లాడడు.

“చెప్పిన దొరా.”

నిబారన్ తలెత్తాడు. తెలుగులో అతనికి అన్నిటికంటే బాగా వచ్చిన మాట అదే. సిద్దిరాములు ముఖంలోకి చూశాడు. నోరు తెరిచాడు. అప్పటికి పక్షం ముగియడానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఒక అరుపు వచ్చింది. గట్టిది కాదు, నీళ్ల తొట్టి ఖాళీగా ఉంటే ఎద్దు అరిచే అరుపు. జైపాల్‌రావు రాసుకున్నాడు: ముందే హెచ్చరించినా లెక్కచేయక ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించాడు. కింద సిద్దిరాములు దస్కత్ పెట్టాడు.

ఆ సాయంత్రం బాలవ్వ బోరింగు దగ్గర నుంచి ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది.

“ఆఫీసుల ముచ్చట అంతయ్య చెప్పిండంట. సురబాల అడిగింది. అన్న నాము ముచ్చట ఎప్పుడు చెప్పిండక్కా, నేను గూడ ఇంటుంటి గద, నాకు యాదికి లేదు అని. నేనేం జెప్పాలె?”

సిద్దిరాములు లేచి ఎద్దులకు మేత వేయబోయాడు.

“నువ్వెప్పుడు జెప్పినవయ్యా?”

“చెప్పలేనే.”

బాలవ్వ బిందె దించి, “ఆయన అరిచిండంట గద,” అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

తెల్లారి అతను ఆఫీసుకు పోయి నిలబడ్డాడు. “దొరా, నిన్న అబద్ధం జెప్పిన. నాము ముచ్చట నేను వాళ్లకు చెప్పలే.”

జైపాల్‌రావు కళ్లద్దాలు తీశాడు. “నిన్న చెప్పిన అన్నవ్. ఇయ్యాల చెప్పలే అంటున్నవ్. రేపేమంటవ్?”

“గిదే అంట. గిది నిజం గనుక.”

“నిజం నిన్న రావాలె గదరా! జీపు పొద్దుగాల్నే పోయింది.” ఆయన ఇంకొక కాగితం తీశాడు. “రాసిస్త. పంపిస్త. ఏమైతదో నాకు తెల్వది. నీ నౌకరి సంగతి గూడ తెల్వది. పెట్టు దస్కత్.”

జైపాల్‌రావు చెడ్డవాడు కాడు. ఆ కాలనీలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉంటే తేలికయ్యేది, ఒకణ్ణి బదిలీ చేస్తే సరిపోయేది.

*

దసరా దాటాక జవాబు వచ్చింది. రెండు ఉత్తర్వులు. మొదటిది: కామ్‌దారు తన బాధ్యత మరిచాడు గనుక ఎద్దు ధర రెండువందల నలభై రూపాయలు అతని జీతం నుంచి నెలకు అయిదు చొప్పున కోయాలి, ఉద్యోగంలో కొనసాగవచ్చు. రెండోది: ప్రభుత్వ సాయం పొందుతూ భిక్షాటన చేసినందుకూ, అత్యవసర పరిస్థితిలో అనుమతి లేకుండా కాలనీ విడిచినందుకూ నిబారన్ మండల్ పట్టా రద్దు, కుటుంబాన్ని వచ్చిన శిబిరానికే తిప్పి పంపాలి.

సిద్దిరాములు రెండూ చదివించుకుని విన్నాడు. మళ్లీ చదవమన్నాడు.

“ఎద్దు పైసలు నేను కడుతున్న గద దొరా? తప్పు నాదని తేలె గద? ఇగ వాళ్లెందుకు పోవాలె?”

“ఎద్దు బాకీ నీది. అడుక్కున్న తప్పు వానిది. రెండు వేరే వేరే ఫైళ్లు.”

“నేను నాము ముచ్చట జెప్తె ఎద్దు సావకపోవు. ఎద్దు సావకుంటె ఆయన అడుక్కోకపోవు.”

“నాకు ఎరుకే సిద్దిరాములూ. గా రెండు కాగితాలను కలిపి కుట్టే అధికారం నాకు లేదు.”

సిద్దిరాములు పోలీసు పటేలు దగ్గరకు పోయాడు. ఆయన, “అరే, ఎద్దు కోసమా! నాకేం ఎరుక? జంగ్ నడుస్తుండె,” అని నొచ్చుకుని చాయ తాగించాడు. ఆ మాట రాసిమ్మంటే మాత్రం, రాసింది మళ్లీ రాయడం బాగుండదన్నాడు. ఇంక హారాధన్. కాలో పోయిన నాటి నుంచి అతని తెల్లెద్దు గుంజ దగ్గరే నిలబడి ఉంది. నిబారన్ పోతే ఆ చేను ఇంకొకరికి వస్తుంది, వాళ్లకొక ఎద్దు వస్తుంది, మళ్లీ జోడు అవుతుంది. ఈ సంగతి హారాధన్‌కు తెలుసు, తెలిసినందుకు సిగ్గుపడుతున్నాడు. మూడు రోజులు ఎవరికీ ముఖం చూపించలేదు. వాళ్లను పంపొద్దని సిద్దిరాములు రాయించిన అర్జీ మీద మాత్రం అందరికంటే ముందు వేలిముద్ర వేశాడు. అర్జీకి జవాబు రాలేదు.

*

లారీ మధ్యాహ్నం వచ్చింది. వాళ్లను తీసుకువచ్చిన లారీయే కావచ్చు. కంబళి, రెండు బొచ్చెలు, ఒక చేపల బుట్ట, సురబాల చంకన పిల్ల. నిబారన్ అంతయ్య ఇచ్చిన చెప్పులు తొడుక్కున్నాడు. ఎండకు లారీ రేకు కాలుతోంది. పక్షం ముగిసినాడే పలుపును వాగులో వదిలి స్నానం చేశాడు. మాట వచ్చింది కానీ పాతమనిషి రాలేదు.

బాలవ్వ జొన్నరొట్టెల మూట సురబాల చేతిలో పెట్టింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. తగవులాడడానికి నేర్చిన భాష అది, ఇలాంటప్పటికి సరిపోయేది కాదు.

నిబారన్ సిద్దిరాములు రెండు చేతులూ పట్టుకున్నాడు. అతను తిడతాడనే సిద్దిరాములు వచ్చాడు. తిట్టించుకోవాలనే వచ్చాడు.

“దాదా, తప్పు నాది,” అన్నాడు నిబారన్, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ. “నువ్వు చెప్పినవ్. నాకు సమజ్ కాలె. తెలుగు... బహుత్ ముష్కిల్. నువ్వు చెప్పినవ్, నేను హఁ అన్న. గంతే.”

సిద్దిరాములు తల అడ్డంగా ఊపాడు.

“లేదు నిబారన్. నేను చెప్పలే. ఒక్కనాడు గూడ చెప్పలే. దొర ముంగట అబద్ధమాడిన. ఇంటున్నవా? నేను చెప్పలేదు!”

నిబారన్ శ్రద్ధగా విన్నాడు. చాలు గురించి, గుంటుక గురించి విన్నట్టే విన్నాడు. తల ఊపాడు.

“హఁ దాదా. హఁ.”

సురబాల లారీలో నుంచి అంతా విన్నది. ఆమెకు ప్రతి మాటా తెలిసింది. సిద్దిరాములు ఆమె వైపు చూశాడు, భర్తకు వాళ్ల భాషలో చెప్పమని బతిమాలుతున్నట్టు. ఆమె అతన్ని కాసేపు అలాగే చూసి, పిల్ల నెత్తిన కొంగు కప్పి, ముఖం అవతలికి తిప్పుకుంది. లారీ కదిలింది.

వెళ్లినవాళ్ల నుంచి ఉత్తరం రాలేదు. రాసినా చదివేవాళ్లు ఇక్కడ లేరు. మరుసటి ఏడాది ఆ చేనులోకి ఇంకొక కుటుంబం వచ్చింది. వాళ్లకూ ఒక ఎద్దే ఇచ్చారు. సిద్దిరాములు వాళ్లకు నాము సంగతి చెప్పాడు. తెలుగులో చెప్పాడు, ఉర్దూలో చెప్పాడు, జొన్నమొక్క పెరికి చూపించి, నేల మీద పడి కాళ్లు కొట్టుకుని చూపించాడు. వాళ్లు తల ఊపారు. అర్థమైందో లేదో అతనికి తెలియదు.

అతని జీతంలో నుంచి కోత 1966 జనవరిలో మొదలైంది. 1968 ఉగాది నాటికి కాలో బాకీ ఇంకా నూట అయిదు రూపాయలు ఉంది.